తెలుగు నేల మీద పుట్టి దేశమంతటి కుటుంబ చట్టాన్ని మార్చిన తీర్పులు

పెన్నాగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. కుటుంబ చట్టాన్ని మార్చిన తీర్పులు అనగానే మనకు ఢిల్లీలోని సుప్రీంకోర్టే గుర్తుకు వస్తుంది. వాటిలో కొన్ని మన ఊళ్ల మున్సిఫ్ కోర్టుల్లో, మన అన్నదమ్ముల పొలం తగాదాల్లో మొదలయ్యాయన్న సంగతి చాలామందికి తెలియదు. నేను న్యాయవాదిని కాను. నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేసి విరమించుకున్నాను. మన ప్రాంతం నుంచి వెళ్లిన అటువంటి కేసుల గురించి ఇక్కడ మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముందుగా మా నెల్లూరు కేసు చెబుతాను.

తులసమ్మ గారి భర్త వెంకటసుబ్బారెడ్డి 1931లో మరణించారు. అప్పటికి ఆయన తన సవతి సోదరుడు శేషారెడ్డితో ఉమ్మడిగానే ఉన్నారు. ఆనాటి చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తి మిగిలిన సోదరుడికి పోతుంది, వితంతువుకు మనోవర్తి మాత్రమే దక్కుతుంది. ఆ మనోవర్తి కోసం ఆమె 1944లో కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని విన్నవించుకుంటూ దావా వేశారు. 1946లో డిక్రీ వచ్చింది. అది అమలు జరిగే దశలో, 1949లో రాజీ కుదిరింది. ఆ రాజీ ప్రకారం కొంత ఆస్తి ఆమె స్వాధీనంలోకి వచ్చింది కానీ, జీవితకాలం అనుభవించడానికే తప్ప అమ్ముకునే హక్కు ఆమెకు లేదని షరతు పెట్టారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తరువాత 1960లో ఆమె కొంత భూమిని కౌలుకు ఇచ్చి, 1961లో మరికొంత అమ్మారు. ఆ లావాదేవీలు ఆమె జీవితకాలం దాటి చెల్లవని శేషారెడ్డి అదే సంవత్సరం దావా వేశారు. మున్సిఫ్ కోర్టులో ఆయన గెలిచారు, జిల్లా కోర్టులో ఆమె గెలిచారు, హైకోర్టులో మళ్లీ ఆయన గెలిచారు. చివరకు 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మనోవర్తి దావా వేసిన నాటి నుంచి లెక్క వేస్తే ముప్పై రెండేళ్లు దాటింది.

చిక్కంతా ఆ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ యజమానురాలని మొదటి ఉపసెక్షన్ చెబుతుంది. దానం, వీలునామా, డిక్రీ వంటి వాటి ద్వారా షరతులతో వచ్చిన ఆస్తికి అది వర్తించదని రెండో ఉపసెక్షన్ చెబుతుంది. రాజీ డిక్రీలో షరతు ఉంది కనుక తమది రెండో ఉపసెక్షన్ కిందికే వస్తుందని శేషారెడ్డి గారి వాదన. మనోవర్తి హక్కు రాజీతో కొత్తగా పుట్టింది కాదని, శాస్త్రం నాటి నుంచీ ఉన్న హక్కుకు ఆ రాజీ ఒక రూపం ఇచ్చిందే తప్ప కొత్తగా దయతలచి ఇచ్చింది ఏమీ లేదని, కనుక షరతు నిలవదని కోర్టు నిర్ణయించింది. ఆ సెక్షన్‌ను రాసిన తీరు కక్షిదారులకు అంతులేని గందరగోళాన్నీ వకీళ్లకు స్వర్గాన్నీ మిగిల్చిందని జస్టిస్ భగవతి చురక వేశారు. ఆ మాట ఇప్పటికీ నిజమేనని నా అనుభవం.

ఆ తీర్పు నా బల్ల మీదికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నేను పని నేర్చుకున్న గురువు గారి దగ్గర పాత నకళ్ల కట్టలు ఉండేవి. వితంతువుకు భూమి రాసిన ప్రతి కాగితంలోనూ “నీ జీవితాంతము అనుభవించవలసినది, దాన విక్రయాది హక్కులు నీకు లేవు” అన్న వాక్యం కనబడేది. ఈ తీర్పు తరువాత కొన్నేళ్లకు ఆయన ఆ వాక్యం మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసి, “మనోవర్తి కింద అయితే ఇది రాయడం దండగ” అని అంచున రాసుకున్నారు. ఆ గీత గీసిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కోర్టుమెట్లు:

పెన్నాగట్టు గారూ, నమస్కారం. నేను విజయవాడలో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. మీరు చెప్పిన వివరాలకు ఒక్కటి చేర్చాలి. తులసమ్మ తీర్పు తరువాత ఈ రెండు ఉపసెక్షన్ల హద్దు ఎక్కడన్న విషయంలో సుప్రీంకోర్టులోని వేర్వేరు ధర్మాసనాలు వేర్వేరు మార్గాల్లో నడిచాయి. అందుచేత 2024 డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా ఈ తీర్పును నమ్ముకుని దస్తావేజు రాయించుకునే ముందు, తమ ఆస్తి మనోవర్తికి బదులుగా వచ్చిందా, లేక కొత్తగా వీలునామా ద్వారా వచ్చిందా అన్నది ఒకటికి రెండుసార్లు చూపించుకోవడం మంచిది.

నా వంతుగా గండూరి కోటేశ్వరమ్మ కేసును ముందుకు తెస్తాను. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు చెప్పిన వినీతా శర్మ తీర్పు అందరికీ తెలుసు కానీ, దానికి తొమ్మిదేళ్ల ముందే మన ఆంధ్ర కుటుంబం ఒకటి ఆ దారి వేసిందన్నది మరుగున పడింది.

చాకిరి యానాది అనే ఆయన తండ్రి మీద, సోదరుడి మీద, కోటేశ్వరమ్మతో సహా ఇద్దరు అక్కచెల్లెళ్ల మీద భాగపంపకం దావా వేశారు. దావా నడుస్తుండగా 1993లో తండ్రి మరణించారు. 1999లో ప్రాథమిక డిక్రీ, అంటే ఎవరికెంత వాటా అని చెప్పే డిక్రీ, వచ్చింది, 2003లో దానికి సవరణ జరిగింది. ఆ డిక్రీలో లెక్క ఇలా ఉంది: ఉమ్మడి ఆస్తిని తండ్రికి, ఇద్దరు కొడుకులకు తలా మూడో వంతుగా ముందు విడగొట్టారు. ఆపైన చనిపోయిన తండ్రి మూడో వంతును నలుగురు పిల్లలకు నాలుగు భాగాలు చేశారు. అంటే ఆడపిల్లకు దక్కేది మూడో వంతులో నాలుగో వంతు, మొత్తం ఆస్తిలో పన్నెండో వంతు. కొడుకుకు మాత్రం తన మూడో వంతుకు తోడు ఆ పన్నెండో వంతు కూడా కలిసి, పన్నెండింట అయిదు వంతులు వస్తాయి. కోర్టు నియమించిన కమిషనర్ భూమిని కొలిచి నివేదిక ఇచ్చారు కానీ, తుది డిక్రీ ఇంకా రాలేదు. ఈలోగా 2005 సెప్టెంబరు 9న హిందూ వారసత్వ చట్టానికి సవరణ అమల్లోకి వచ్చి, కుమార్తె కూడా కుమారుడిలాగే పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో హక్కుదారు అయింది. అక్కచెల్లెళ్లు ప్రాథమిక డిక్రీని మార్చి తమకు తలా నాలుగో వంతు ఇవ్వాలని కోరారు. కింది కోర్టు 2009 జూన్‌లో ఒప్పుకుంది, హైకోర్టు ఆగస్టులోనే కొట్టివేసింది. 2011 అక్టోబరు 12న సుప్రీంకోర్టు, ప్రాథమిక డిక్రీతో పంపకం ముగిసినట్లు కాదని, తుది డిక్రీ వచ్చేవరకు దావా బతికే ఉంటుందని, ఈలోగా చట్టం మారితే వాటాలూ మారతాయని చెప్పి కింది కోర్టు ఉత్తర్వును నిలబెట్టింది.

పన్నెండో వంతు ఎక్కడ, నాలుగో వంతు ఎక్కడ? మూడెకరాల పొలంలో అది పాతిక సెంట్లకూ డెబ్బై అయిదు సెంట్లకూ ఉన్న తేడా.

గుండ్లకమ్మ ఒడ్డు:

న్యాయవాది గారూ, మీరు చెప్పిన కేసు న్యాయంగానే ఉంది. అయితే మా వంటి వారి సంగతి కూడా ఆలోచించాలి. మా నాన్నగారు 1998లో పోయారు. ఆ మరుసటి ఏడు పెద్దమనుషుల సమక్షంలో మేము ముగ్గురు అన్నదమ్ములం పొలం పంచుకున్నాం. కాగితం రాసుకోలేదు, గట్లు వేసుకున్నాం. మా అక్కయ్యకు 1981లోనే పెళ్లయింది, అప్పట్లో పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తామని మాట ఇచ్చి ఇచ్చాం కూడా. ఇప్పుడు ఆమె పిల్లలు వినీతా శర్మ తీర్పు చూపించి వాటా అడుగుతున్నారు. 1985లో రామారావు గారు చట్టం తెచ్చినప్పుడే పెళ్లయిన ఆడపిల్లలకు వర్తించదని చెప్పారు కదా? ఇన్నేళ్ల తరువాత వెనక్కి వెళ్లి తవ్వడం ఏ రకమైన న్యాయం?

కోర్టుమెట్లు:

మీ బాధను తక్కువ చేయను. మీరు చెప్పిన రాష్ట్ర చట్టం గురించి ముందు చెబుతాను. ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి 13వ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కుమార్తెకు పుట్టుకతోనే కుమారుడితో సమానంగా వాటా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లోనూ, కర్ణాటక, మహారాష్ట్ర 1994లోనూ అదే దారి పట్టాయి. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది, అది వేరే సంగతి. అయితే మన చట్టం అప్పటికే పెళ్లయిన వారిని బయట పెట్టిన మాట నిజం. కేంద్రం 2005లో చేసిన సవరణలో మాత్రం పెళ్లయిందా లేదా అన్న భేదం లేదు.

ఆ తరువాత చిక్కు తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న దగ్గర వచ్చింది. 2015 అక్టోబరులో ఫూలవతి కేసులో, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కుమార్తెకు హక్కు అన్నారు. 2018లో దానమ్మ కేసులో అంతకుముందే తండ్రి మరణించినా వాటా ఇచ్చారు. ఒకే కోర్టు నుంచి రెండు మాటలు వచ్చేసరికి కింది కోర్టుల్లో మేము పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఉదయం ఒక కేసులో ఫూలవతిని, మధ్యాహ్నం మరో కేసులో దానమ్మను చదివి వినిపించిన రోజులు నాకు గుర్తున్నాయి. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వినీతా శర్మ కేసులో ఈ గొడవకు తెర దించింది. హక్కు పుట్టుకతో వస్తుంది కనుక తండ్రి ఎప్పుడు పోయారన్నదానితో సంబంధం లేదని స్పష్టం చేసింది. ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు తరువాత మన ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు.

ఇక మీ నోటి పంపకం విషయం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను చట్టం కాపాడింది. నోటి పంపకాన్ని కోర్టు పూర్తిగా తోసిపుచ్చలేదు కానీ, ప్రభుత్వ రికార్డుల వంటి బలమైన ఆధారాలు ఉన్న అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవాలని చెప్పింది. గట్లు వేసుకున్నామన్న మాట ఒక్కటీ సరిపోదు. 1999 తరువాత మీ ముగ్గురి పేర్ల మీద పాసుపుస్తకాలు విడివిడిగా మారాయా, అడంగల్లో విడివిడిగా నమోదు జరిగిందా, శిస్తు ఎవరికి వారు కట్టారా అన్నవి పరిశీలించుకోండి. అలాగే ఆ పొలం మీ తాతల నాటిదా, నాన్నగారు సొంతంగా కొన్నదా అన్నది కూడా చూడాలి. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కుమార్తెకు 1956 నుంచీ సమాన వాటా ఉంది, దానికి 2005 చట్టం అవసరమే లేదు.

గుండ్లకమ్మ ఒడ్డు:

పాసుపుస్తకాలు 2003లో మారాయి. అడంగల్ తీయిస్తాను. మీరు చివర చెప్పిన స్వార్జితం మాట మాత్రం నాకు ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

కడప గడప:

ఆస్తి గొడవల నుంచి కాస్త పక్కకు జరుగుతున్నందుకు మన్నించండి. మా కడప సబ్ కోర్టు నుంచి మొదలైన కేసు ఒకటి ఉంది, దాని ముందు పొలం తగాదాలు చిన్నవిగా కనిపిస్తాయని నా అభిప్రాయం. సినీనటి సరితకు 1975లో, ఇంకా హైస్కూలు చదువులో ఉండగా వివాహం జరిగింది. దాదాపు వెంటనే ఇద్దరూ విడిపోయారు. అయిదేళ్లు దాటిన తరువాత భర్త వెంకటసుబ్బయ్య హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, అంటే దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ, కడపలో పిటిషన్ వేశారు. కడప కోర్టుకు ఆ కేసు వినే పరిధి లేదన్న ఆమె అభ్యంతరాన్ని కోర్టు తోసిపుచ్చింది, ఆమె హైకోర్టుకు వెళ్లారు. పరిధి గురించిన చిన్న ప్రశ్నగా వెళ్లినది అక్కడ రాజ్యాంగ ప్రశ్నగా మారింది.

1983 జులై 1న జస్టిస్ పి.ఎ.చౌదరి ఇచ్చిన తీర్పును ఇప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. ఇష్టం లేని స్త్రీని భర్త దగ్గరకు వెళ్లమని ఆదేశించడం అంటే, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని కూడా ఆమె చేతుల్లోంచి తీసి రాజ్యానికి అప్పగించడమేనని ఆయన రాశారు. ఏకాంతం (ప్రైవసీ), సమానత్వం అనే హక్కులను భంగపరుస్తున్నందున ఆ సెక్షన్ చెల్లదని ప్రకటించారు. ఏకాంత హక్కును సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో 2017లో గుర్తించడానికి ముప్పై నాలుగేళ్ల ముందు, హైదరాబాదులో ఒక్క న్యాయమూర్తి ఆ మాట అన్నారు.

పాత బెంచి:

కడప గడప గారూ, ఆ తీర్పు మీద నాకూ గౌరవం ఉంది కానీ, అది ఎంతకాలం నిలిచిందో కూడా చెప్పాలి. సుమారు పదమూడు నెలలు. కొద్ది నెలల్లోనే ఢిల్లీ హైకోర్టు దానికి విరుద్ధంగా చెప్పింది. 1984 ఆగస్టు 8న సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ మాటనే సమర్థించింది. ఈ డిక్రీని ధిక్కరిస్తే ఆస్తి జప్తు వరకే తప్ప ఎవరినీ బలవంతంగా ఈడ్చుకురారని, విడిపోబోయే దంపతులకు ఆలోచించుకునే అవకాశం ఇవ్వడమే దాని ఉద్దేశమని వారు భావించారు. ఆ సెక్షన్ నేటికీ పుస్తకంలో ఉంది. నిలవని తీర్పును మైలురాయి అనడం ఎంతవరకు సబబు?

కడప గడప:

నిలవకపోయినా దారి చూపినది మైలురాయే అంటాను. సరోజ్ రాణి కేసు ఎలా నడిచిందో చూడండి. అక్కడ పునరుద్ధరణ కోరింది భార్య. భర్త అంగీకారంతోనే డిక్రీ వచ్చింది. ఏడాది గడిచాక, కాపురం మళ్లీ మొదలు కాలేదు కనుక విడాకులు ఇప్పించమని అదే డిక్రీని ఆధారం చేసుకుని భర్త కోర్టుకు వెళ్లి విడాకులు తెచ్చుకున్నారు. కలపడానికి పెట్టిన సెక్షన్ విడదీయడానికి మెట్టు అయింది. మన ఫ్యామిలీ కోర్టుల్లో ఈనాటికీ జరుగుతున్నది అదే. మనోవర్తి కేసు పడగానే, “నేను రమ్మంటున్నాను, ఆమే రావడం లేదు” అని చూపించుకోవడానికి 9వ సెక్షన్ కింద పిటిషన్ వేయడం మామూలైపోయింది. ఆ సెక్షన్‌ను సవాలు చేస్తూ 2019లో సుప్రీంకోర్టులో మళ్లీ పిటిషన్ దాఖలైందంటే, చౌదరి గారు అడిగిన ప్రశ్న ఇంకా చల్లారలేదనే అర్థం.

డల్లాస్ గుమ్మం:

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ప్రాణప్రదమైన కేసు ఒకటి ఇంకా రాలేదు. వై.నరసింహారావు, వై.వెంకటలక్ష్మి కేసు. 1975లో తిరుపతిలో పెళ్లి జరిగింది, 1978లో వేరుపడ్డారు. భర్త ముందుగా తిరుపతి సబ్ కోర్టులో విడాకుల పిటిషన్ వేశారు. అందులో తాను లూసియానాలో నివాసం ఉన్నట్లు చెప్పుకున్నారు. తరువాత మిస్సోరీ రాష్ట్రంలో తొంభై రోజులు నివాసం ఉన్నానని చెప్పి, అక్కడి కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నారు. 1981లో యాదగిరిగుట్టలో మరో వివాహం చేసుకున్నారు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టారు. డిక్రీ ఫొటోస్టాట్ ప్రతిని చూసి మేజిస్ట్రేటు నిందితులను వదిలేశారు, హైకోర్టు దానిని రద్దు చేసింది. 1991లో సుప్రీంకోర్టు, హిందూ పద్ధతిలో జరిగిన పెళ్లిని విదేశీ కోర్టు రద్దు చేయాలంటే ఆ కోర్టు పరిధి, విడాకులకు చూపిన కారణం రెండూ హిందూ వివాహ చట్టానికి లోబడి ఉండాలని చెప్పింది. ఎదుటి పక్షం స్వచ్ఛందంగా ఆ కోర్టుకు లోబడితేనో, విడాకులకు సమ్మతిస్తేనో మినహాయింపు ఉంటుంది.

ఈ కేసులో నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న వివరం. మిస్సోరీ కోర్టుకు వెంకటలక్ష్మి గారు ఒకే తేదీతో రెండు జవాబులు పంపారు. రెండూ ఒకేలా ఉన్నాయి కానీ, ఒకదాని మొదట్లో మాత్రం “మీ కోర్టు పరిధికి నేను లోబడటం లేదన్న నా వాదనను వదులుకోకుండానే ఈ జవాబు ఇస్తున్నాను” అన్న భావంతో అదనంగా ఒక వాక్యం చేర్చారు. ఇక్కడ మా ఊళ్లో అమ్మాయిలు ఎవరైనా నోటీసు అందిందని కంగారుగా ఫోన్ చేస్తే, నేను ముందుగా చెప్పేది ఆ వాక్యం గురించే. భయపడి ఊరుకోవద్దు, తొందరపడి మామూలు జవాబూ పంపవద్దు, ముందు ఇక్కడొకరు, అక్కడొకరు న్యాయవాదులను కలవమని చెబుతాను.

మూసీ వంతెన:

ఇంతవరకు అన్నీ హిందూ చట్టం కేసులే వచ్చాయి కనుక హైదరాబాదు వైపు నుంచి ఒకటి. 1985లో షాబానో అనే విడాకులు పొందిన ముస్లిం మహిళ కేసులో నెలకు 179 రూపాయల 20 పైసల మనోవర్తి మీద దేశమంతా ఎంత అల్లకల్లోలం అయిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడు పార్లమెంటు ముస్లిం మహిళల కోసం వేరే చట్టం చేసింది. 2001లో దానియల్ లతీఫీ కేసులో ఆ చట్టాన్ని నిలబెడుతూనే, ఇద్దత్ కాలంలోపు, అంటే విడాకుల తరువాత భార్య వేచి ఉండవలసిన గడువులోపు, ఆమె భవిష్యత్తుకంతా సరిపడే ఏర్పాటు చేయాలని కోర్టు వ్యాఖ్యానించింది. మరి ఆమె సాధారణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద కూడా మనోవర్తి అడగవచ్చా అన్న ప్రశ్న మన తెలంగాణ కేసులో తేలింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇచ్చింది, తెలంగాణ హైకోర్టు దానిని 10,000కు తగ్గించింది. అదీ చెల్లదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 జులై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఆ అప్పీలును కొట్టివేసి, విడాకులు పొందిన ముస్లిం మహిళకు రెండు దారులూ తెరిచే ఉన్నాయని చెప్పారు.

పెన్నాగట్టు:

ఇన్ని కేసులు వస్తాయని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. గుండ్లకమ్మ ఒడ్డు గారు అడిగిన ప్రశ్న దగ్గరికి ఒక్కసారి వెనక్కి వెళ్తాను, ఎందుకంటే ఆ గట్టుకు రెండో వైపు కూడా నేను చూశాను. 2005 సవరణ వచ్చిన తరువాత నా దగ్గరకు హక్కు విడుదల దస్తావేజులు విపరీతంగా వచ్చాయి. చెల్లెలిని పండక్కి పిలిచి, చీర పెట్టి, మరునాడు నా దగ్గరకు తీసుకొచ్చేవారు. “నా ఇష్టపూర్వకముగా నా యావత్తు హక్కును వదులుకొనుచున్నాను” అన్న వాక్యం నేను ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. వారిలో నిజంగా ఇష్టపూర్వకంగా రాసిన వారూ ఉన్నారు, అది నేను కాదనను.

ఒకసారి ఒక పెద్దావిడ, చదువు అంతంత మాత్రమే, సంతకం పెట్టే ముందు మొత్తం చదివి వినిపించమన్నారు. వినిపించాను. “యావత్తు హక్కు అంటే ఎంత బాబూ? ఎన్ని సెంట్లు?” అని అడిగారు. నేను అన్నగారి వైపు చూశాను. ఆయన “అదంతా ఎందుకమ్మా, అందరిదీ కలిపే కదా” అన్నారు. ఆవిడ కలం బల్ల మీద పెట్టి, లెక్క రాసిన తరువాత వస్తానని లేచి వెళ్లిపోయారు. సర్వే నంబర్లు వేసి లెక్క కడితే ఆవిడ వాటాకు ఎకరం పదహారు సెంట్లు వచ్చింది. ఆ అంకె వేసిన కాగితం మీద సంతకం పెట్టడానికి ఆవిడ మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి విడుదల దస్తావేజులో విస్తీర్ణం రాయకుండా నేను ఒక్కటి కూడా పూర్తి చేయలేదు. దానివల్ల కొందరు పక్క లేఖరి దగ్గరకు వెళ్లిపోయారు.

కోర్టుమెట్లు:

పెన్నాగట్టు గారూ, మీ గురువు గారు పెన్సిల్ గీత గీసిన ఆ నకలు ఫొటో వీలైతే ఇక్కడ పెట్టండి, పేర్లు మాత్రం చెరిపేసి. మా జూనియర్లకు 14వ సెక్షన్ చెప్పేటప్పుడు చూపిస్తాను.